నాలుగు గదుల్లో ఒక మూల

"లేస్తున్నా" అన్నాడు ఆ పొద్దునే అద్దెకు దిగిన గుమాస్తా. అంతే, భార్య, అత్తగారు, ఎనిమిదేళ్ల కూతురు ముగ్గురూ టక్కున కాళ్లు ముడుచుకున్నారు.

కుర్చీలో కూర్చున్న ఇంటి ఓనరు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, తెల్లబోయాడు. పదిమంది దొర్లినా ఇంకా చోటు మిగిలే హాలది. వీళ్లేమో ఒక మూల ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు.

"కాళ్లెందుకమ్మా ముడుచుకున్నారు?"

"ఆయన నడవాలి కదండీ," అంది భార్య, అదేం ప్రశ్న అన్నట్టు.

"నగరంలో తొమ్మిదేళ్లు ఒకటే గదండీ," అన్నాడు గుమాస్తా, గోడ పట్టుకుని అడ్డంగా నడుస్తూ. "తలుపు తియ్యాలంటే అందరం మంచమెక్కాలి. బదిలీ మీద ఇక్కడికొస్తే, అదే అద్దెకి మీరు నాలుగు గదులన్నారు."

"మిగతా మూడింట్లో ఎవరుంటారండీ?" మెల్లగా అడిగింది అత్తగారు.

"మీరేనమ్మా."

"మేం ఇక్కడున్నాం కదండీ."

మాస్టారికి ఒళ్లు మండింది. ఊరి చివర పాత కొంప అని ఇన్నాళ్లూ చిన్నబోయేవాడు. ఇప్పుడు ఎగతాళి కూడానా?

"పాపా, ఆ చివరి గది నీది. వెళ్లి చేతులు బారజాపి చూడు."

పిల్ల వెళ్లింది. కాసేపటికి లోపల్నుంచి పిలిచింది.

"నాన్నా."

"ఏమ్మా?"

"ఎవరూ తగలట్లేదు నాన్నా." గొంతులో ఏడుపు.

"వస్తున్నా" అన్నాడు గుమాస్తా.

భార్యా, అత్తగారూ కాళ్లు ముడుచుకున్నారు. కుర్చీలో మాస్టారు కూడా ముడుచుకున్నాడు.