ఊపిరి సంచి

కణేకల్లు ఇసుక మేటల మీద ఆవిరై పైకెళ్లిన తడి మళ్లీ వానగా దిగిరావడం మానేసి చాలా ఏళ్లయింది. అందుకే బయట తిరిగేవాళ్లంతా మూతికి ఊపిరి సంచి కట్టుకుంటారు. ఇంటికొచ్చి, ఊపిరి తడి పట్టిన ఆ సంచి పిండితేనే వంటకు నీళ్లు. ఎవరింటికి వెళ్లినా దాన్ని విప్పరు. చావు జరిగిన ఇంట్లో మాత్రం చెప్పులతో పాటు సంచినీ గుమ్మం దగ్గరే విడిచి లోపలికి రావాలి. పరామర్శ అంటే అదే.

తిప్పయ్య పోయాడని తెలిసి ఆ రోజంతా జనం వచ్చి, కూర్చుని, ఊపిరి వదిలి వెళ్లారు. గోడలకు పట్టిన చెమ్మ గొట్టాల వెంట జారి తొట్టి ఎన్నడూ లేనంతగా నిండింది.

"తలకు పోసుకోమ్మా, నీళ్లుండాయి," అంది కూతురు చౌడేశ్వరి.

"రేపు చూస్తాంలే," అంది తిప్పయ్య భార్య వన్నూరమ్మ.

పొద్దుగూకగానే ఆమె లేచి, రోజూ చేసినట్టే కొక్కేనికున్న సంచి తీసి గిన్నెలోకి పిండింది. బియ్యం పోసి పొయ్యి వెలిగించింది.

"అమ్మా, అది నాయన సంచి. నిన్న పనినించి వచ్చి తగిలిచ్చినాడు."

వన్నూరమ్మ చేతిలోని సంచి వైపు చూసింది. దాన్ని మళ్లీ కొక్కేనికే తగిలించింది.

"పొయ్యి ఆర్పేదా?"

"వద్దు. అన్నం ఉడకనీ."

గిన్నెలోంచి ఆవిరి లేచి ఇంటి కప్పు కిందకు చేరింది. వన్నూరమ్మ పాత చీర చింపి, ఆ ఆవిరి బయటికి పోకుండా కిటికీ సందుల్లో ఎక్కడా ఖాళీ లేకుండా కుక్కుతూ కూర్చుంది.