నీలిగళ్ల సంచులు

"పెన్నులా? ఇప్పుడు పెన్ను పట్టేదెవరప్పా!" అంది విశాలాక్షి.

ఆదోనిలో రమేష్ కొత్తగా పెట్టిన ప్రింటింగ్ షాపు అది. బల్ల మీద శాంపిళ్లు పరిచి ఉన్నాయి. పేరు అచ్చువేసిన పెన్నులు, కీచైన్లు, కాఫీ కప్పులు, అరచేతిలో పట్టే క్యాలెండర్లు. ఆదివారం ఆమె ఐదో పుస్తకం ఆవిష్కరణ. వచ్చినవాళ్లకు పుస్తకంతోపాటు ఏదైనా వస్తువు ఇవ్వాలి. అది చూసినప్పుడల్లా వాళ్లకు ఆమె పేరు గుర్తుకు రావాలి.

రమేష్ ఒక కప్పు ముందుకు జరిపాడు. "ఇది తీసుకోండి మేడం. వేడినీళ్లు పోస్తే మీ ఫోటో కనపడుతుంది."

"అంటే రోజూ నా మొహాన వేడినీళ్లు పోయిస్తావా?"

రమేష్ నవ్వాడు. "నిన్న హర్షిణి మేడం గూడా ఇవేవీ వద్దని పోయినారు. ఎమ్మిగనూరులో చేనేత గుడ్డ చూసి పెట్టినారంట. సంచులు కుట్టించుకోనొస్తా, పేరు మాత్రం అచ్చెయ్యి అన్నారు."

విశాలాక్షి చేతిలోని కీచైన్ బల్ల మీద పడింది. చేనేత సంచి! ఆ ఆలోచన తనకెందుకు రాలేదు?

హర్షిణి పేరు వింటేనే ఈ మధ్య ఆమెకు ఒళ్లు మండుతోంది. ముప్పై ఏళ్లుగా రాస్తోంది విశాలాక్షి. నాలుగు పుస్తకాలు తనే అచ్చువేయించుకుంది. వాటిలో సగానికి సగం ఇంకా అటక మీద కట్టలుగానే ఉన్నాయి. హర్షిణి కథలు మొదలుపెట్టి రెండేళ్లు కూడా కాలేదు. ఆస్పరి బడిలో పాఠాలు చెప్పి, తిరిగి వెళ్లే బస్సులో కూర్చుని ఫోన్లో రాస్తుంది. మూడో కథకే వారపత్రిక పోటీలో మొదటి బహుమతి. ఇక ఊరంతా అదే మాట.

"హర్షిణి కథ చదివినాం విశాలమ్మా! ఏం రాసినాదో!" వీధిలో ఎవరు ఎదురైనా ఆమెను ఆపి మరీ చెప్పడం.

భర్త అమర్‌నాథ్ కూడా తక్కువేం తినలేదు. ఆ పత్రికను పత్తి మార్కెట్ యార్డుకు పట్టుకుపోయి కనపడినవాళ్లందరికీ చూపించాడు. విశాలాక్షి పుస్తకాన్ని ఆయన ఏనాడైనా గడప దాటించాడా?

పైగా సాహిత్య సంఘం అధ్యక్షుడు ఇంద్రసేనయ్య విశాలాక్షి పుస్తకానికీ, హర్షిణి మొదటి పుస్తకానికీ కలిపి ఒకే సభ పెట్టాడు. "మీరిద్దరూ పక్కపక్కన కూర్చుంటే సూడముచ్చటగా ఉంటాదమ్మా" అన్నాడు. విశాలాక్షికి మాత్రం తన సభలో సగం ఎవరో కోసుకుపోయినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కింది.

నేతగాడు సోమప్ప ఆమెను చూసి మగ్గం ఆపి లేచాడు. "ఏమమ్మా, ఇంత పొద్దున్నే మీరే వచ్చినారు?"

ఆమె చూపు అప్పటికే అరలోని గుడ్డ తాను మీద పడింది. లేతనీలం మీద తెల్లటి గళ్లు, సన్నటి ఎర్రంచు. చేత్తో తడిమితే వదలబుద్ధి కాలేదు.

"ఇది మొత్తం నాకియ్యి సోమప్పా."

"అది హర్షిణమ్మ చెప్పి పెట్టినాదమ్మా. రేపొచ్చి తీసుకపోతానన్నాది."

"ఆమెకు నేను చెప్పుకుంటాలే."

సోమప్ప ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత నవ్వేసి తాను కిందికి దించాడు. "మీరడిగితే కాదంటానా? ఎవరు తీసుకపోతే ఏముందిలే. మీరూ మీరూ ఒకటే గదా."

విశాలాక్షి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది.

"ఆదివారంలోపల ఇట్లాంటిది ఇంకొకటి నేయగలవా?" అని అడిగింది.

"యాడయితాదమ్మా!"

అది వినడానికే అడిగింది.

రెండు రోజుల్లో సంచులు కుట్టించింది. ఒక్కో సంచి మీద తన పేరు పెద్ద అక్షరాలతో అచ్చువేయించింది. ఈలోగా హర్షిణి నాలుగుసార్లు ఫోన్ చేసింది. విశాలాక్షి ఎత్తలేదు.

ఆదివారం హాలు నిండింది. సంచులు చేతికందడం ఆలస్యం, జనం విప్పి చూసుకుని మురిసిపోయారు. గుమ్మం దగ్గర నిలబడి పంచుతున్న విశాలాక్షికి చాలాకాలం తర్వాత గుండె నిండినట్టయింది.

హర్షిణి వచ్చింది. చేతుల్లో పుస్తకాల కట్ట తప్ప ఇంకేమీ లేదు.

"నువ్వేమీ ఇయ్యడంల్యా?" అని ఎవరో అడిగారు.

హర్షిణి ఒక సంచి అందుకుని ఆ గళ్ల మీద మెల్లగా చెయ్యి రాసింది. గుర్తుపట్టింది.

"ఇంతకంటే మంచిది నేను యాడ తెచ్చేది?" అని నవ్వింది హర్షిణి. "నా పుస్తకం గూడా దీంట్లోనే పెట్టుకోండి."

ఆ నవ్వు వెనకాల ఏడుపు ఏమైనా ఉందా అని విశాలాక్షి వెతికింది. కనపడలేదు. దాంతో మరింత మండింది.

సభలో అతిథి విశాలాక్షి పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పి, హర్షిణి కథల గురించి అరగంట మాట్లాడాడు. చప్పట్లు ఆగడం లేదు. విశాలాక్షి కూడా చేతులు కలిపింది గానీ చప్పుడు రాలేదు.

ఎదురుగా బల్ల మీద హర్షిణి పుస్తకం ఉంది. ఇంతవరకు దాన్ని ఆమె ముట్టుకోలేదు. ఒక్క అచ్చుతప్పయినా దొరక్కపోదనుకుంటూ అందుకుంది. ఏ పెద్దమనిషికి అంకితమిచ్చి కాకా పట్టిందో ముందు అది చూద్దామని అట్ట తిప్పింది.

పేజీ మధ్యలో ఒక్కటే వాక్యం ఉంది: "రోజుకో కొత్త కథ అల్లి చెబితేగానీ ముద్ద మింగని నన్ను, ఒక్కనాడూ విసుక్కోకుండా పెంచిన మా అమ్మ విశాలాక్షికి."