కాగని కాయిల్

“ఓపాలి స్విచ్చి నొక్కి చూడండి. ఏమో, వెలుగుతాదేమో!” చేపలకు ఉప్పూ పసుపూ పట్టిస్తూ అంది అప్పయమ్మ.

“చచ్చినోడి ముక్కు దగ్గర పదిసార్లు దూది పెడితే ఊపిరొస్తాదేటి?” అన్నాడు నూకరాజు, అప్పుడే బజారు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ. “మీటరు పెట్టి చూసినాను. చచ్చింది. నా మీటరు అబద్ధం ఆడదు.”

నూకరాజు బిలాస్‌పూర్ లోకో షెడ్డులో కరెంటు ఇంజన్లకు వైద్యం చేసి రిటైరైన మనిషి. కరెంటు మనిషి ఇంట్లో గ్యాసేమిటని బండను ఉస్లాపూర్‌లో కొత్తకాపురం పెట్టిన కూతురికి ఇచ్చేశాడు. సీపత్ వైపు ఏదో గెస్ట్‌హౌస్ మూసేస్తుంటే రెండు కాయిల్స్ ఉన్న కరెంటు పొయ్యి కొన్నాడు. అలాంటిదే ఇంకోటి పక్కింటి నీలవేణి చేతా కొనిపించాడు.

నిన్న సాయంత్రం పెద్ద కాయిల్ కన్ను మూసింది. కోయిల కూయకపోయినా వసంతం వస్తుంది గానీ, కాయిల్ కాగకపోతే వంట రాదు. చిన్న కాయిల్ టీకి తప్ప దేనికీ చాలదు.

నూకరాజు పద్ధతిగానే పరీక్ష చేశాడు. మెయిన్ ఆపాడు. పెద్దదాన్ని పీకి ఆ చోట్లో చిన్నదాన్ని గుచ్చాడు. మెయిన్ వేస్తే చిన్నది ఎర్రగా మండింది. అంటే స్విచ్చి మంచిదే, సాకెట్టూ మంచిదే. పీకిన పెద్ద కాయిల్ రెండు కొసలకూ మీటరు తగిలించాడు. ముల్లు కదల్లేదు.

పల్సు లేదు. కాబట్టి పులుసూ లేదు.

ఆ పులుసు తినడానికి వస్తున్నది ఎవరు? బావమరిది సన్యాసిరావు! పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడ ఫ్యాను తిరగకపోతే, ఆ కబురును విజయనగరమంతా తిప్పిన ఘనుడు. ఇవాళ పొయ్యి వెలగకపోతే బజారు మెకానిక్ దిలీప్‌ను పిలవాల్సిందే. ఇంజన్లకు ప్రాణం పోసినవాడి పొయ్యికి బయటివాడు ప్రాణం పోయడమా? అదీ బావమరిది కళ్ళ ముందు! పొయ్యి పోతే పోనీ, పరువు పోకూడదు.

అందుకే కాయిల్స్ రెంటినీ మళ్ళీ వాటి చోట్లలో గుచ్చేసి, పొద్దున్నే బజారంతా గాలించి వచ్చాడు. ఆ కాయిల్ నాగ్‌పూర్ నుంచి రావాలన్నారు.

“ఓపాలి నొక్కితే మీ సొమ్మేటి పోద్ది?” అంది అప్పయమ్మ మళ్ళీ.

“పోయింది సొమ్ము కాదు, కాయిల్! ముందా చేపల సంగతి చూడెహె.”

ఆవిడ గొణుక్కుంటూ చేపల గిన్నెతో పెరటి కుళాయి దగ్గరకు వెళ్ళింది.

అప్పుడు నూకరాజు బుర్రలో షెడ్డు బల్బు వెలిగింది. షెడ్డులో ఒక ఇంజన్ అర్జంటుగా బయల్దేరాలంటే, ఆగి ఉన్న ఇంజన్‌లోంచి మంచి పార్టు పీకి దీనికి పెడతారు. కొత్తది వచ్చాక దేనిది దానికి. ఇది దొంగతనం కాదు, సర్దుబాటు!

కాయిల్ పీకి, తువ్వాల్లో చుట్టి, పక్కింటికి నడిచాడు.

“మా పొయ్యికి జబ్బు చేసిందమ్మా నీలవేణీ. మీదీ అదే జాతి కదా, ఓపాలి నాడి చూస్తాను.”

“అచ్ఛా బాబాయ్, చూడండి. రతన్‌పూర్ గుడి నుంచి ఇప్పుడే వచ్చాను. పిన్ని దగ్గర తాళంచెవి తీసుకుని అడుగుపెట్టానంతే, పొయ్యి జోలికే వెళ్ళలేదు. ఉండండి, ప్రసాదం తెస్తాను.”

ప్రసాదం వచ్చేలోగా తువ్వాల్లోది పొయ్యిలోకి, పొయ్యిలోది తువ్వాల్లోకి మారిపోయాయి. ప్రసాదాన్ని మాత్రం నూకరాజు రెండుసార్లు కళ్ళకద్దుకున్నాడు.

ఇంటికొచ్చి కాయిల్ గుచ్చాడో లేదో, సన్యాసిరావు సంచీతో సహా వంటింట్లోకే వచ్చేశాడు.

“ఏటి బావా, పొయ్యి పోయిందట! బజార్లో చెప్పుకుంటన్నారు. మెకానిక్‌ని పిలవమంటావా?”

“మెకానిక్ నీ ముందే ఉన్నాడొరే సన్యాసీ. కళ్ళు విప్పి చూడు.”

రైలుకు పచ్చజెండా ఊపినంత ఠీవిగా నూకరాజు స్విచ్చి నొక్కాడు.

అప్పయమ్మ మొహం చేటంత అయింది. “చూడు తమ్ముడూ, మీ బావ చెయ్యి పడిందంటే ఎలగుంటాదో!” అంటూ పులుసు దాక తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

ముగ్గురూ దాక చుట్టూ నిలబడ్డారు. ఎంతకీ ఆవిరి లేదు, ఉలుకు లేదు. సన్యాసిరావు అందులో వేలు ముంచి తీశాడు.

“బావా, చేపలు హాయిగా ఈత కొడతన్నాయి!”

అప్పయమ్మ నవ్వు వాడిపోయింది. నూకరాజు కంగారుగా మెయిన్ ఆపి, కాయిల్‌కు మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు.

సన్యాసిరావు నవ్వుల మోతకు నీలవేణి గుమ్మంలోకి వచ్చింది. “ఇలా ఇవ్వండి పిన్నీ. మా పొయ్యి మీద పెట్టేస్తాను.”

“వద్దొద్దు!” అన్నారు మొగుడూ పెళ్ళాం ఒక్క గొంతుతో.

ఆ పిల్ల వింటేగా! దాక ఎత్తుకుపోయింది. నూకరాజు గోడకు చెవి ఆనించాడు. ఇప్పుడా పొయ్యి వెలగదు, తన బండారం వెలుగులోకి వస్తుంది!

కాసేపటికి గోడ అవతలి నుంచి ఉడుకుతున్న పులుసు ఘుమఘుమలాడుతూ వచ్చింది.

నూకరాజుకు షాకు కొట్టింది, అదీ వైరు ముట్టుకోకుండానే. చచ్చిందని తాను తేల్చిన కాయిల్ మీద చేపలు ఉడుకుతున్నాయి!

“బావా, మెకానిక్‌ని పిలవమంటావా, లేక ఆ అమ్మాయినే పిలవమంటావా?” సన్యాసిరావు పొట్ట పట్టుకుని నవ్వుతూ ఫోను తీశాడు. విజయనగరానికే!

“ఇన్నేళ్ళలో ఈ మీటరు అబద్ధం ఆడడం ఇదే మొదలే,” అన్నాడు నూకరాజు దీనంగా, పెళ్ళాం వైపు తిరిగి.

అప్పయమ్మ వెలగని పొయ్యిని కొంగుతో తుడవడం మొదలెట్టింది.

తమ్ముడి ముందు మొగుడి పరువు నిలబెడదామని, పొద్దున ఆయన బజారంతా తిరుగుతున్నప్పుడే, నీలవేణి పొయ్యిలోని మంచి కాయిల్‌ను తమ పొయ్యికీ, తమ చచ్చిన కాయిల్‌ను నీలవేణి పొయ్యికీ మార్చేసింది తనేనని ఆవిడ ఏ నోటితో చెబుతుంది?