తెగని బేరం

సోఫాలో కూర్చున్న సేల్స్ అమ్మాయికి కింద వెచ్చగా తగిలింది. గుండె గుభేలుమంది.

సోఫా మీగడ రంగుది. నిన్ననే షోరూమ్‌కి వచ్చింది. అసలు ఆమె దాని మీద కూర్చోవాల్సిన పనే లేదు. కొనడానికి వచ్చిన కళ్ళద్దాలావిడే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నిలబడి చెబితే నాకు బుర్రకెక్కదమ్మా, కూర్చుని చెప్పు" అంది.

గర్భసంచి వాచిందని ఆ మధ్యే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టింది అమ్మాయి. కడుపునొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. కానీ నెలకోసారి వచ్చేది కాస్తా ఇప్పుడు చెప్పాపెట్టకుండా వస్తోంది. "మొదట్లో ఇలాగే ఉంటుంది, ఒంటికి అలవాటు కావాలి. మరీ ఎక్కువైతే నా దగ్గరికి రా. అంతేగానీ నీ అంతట నువ్వు మానెయ్యకు" అంది డాక్టరమ్మ. ఒంటికి అలవాటయ్యేలోపు ఉద్యోగం ఉండాలి కదా. యూనిఫాం ప్యాంటు చూస్తే లేత బూడిద రంగు.

ఇక ఉన్న దారల్లా ఒక్కటే. ఆవిడ లేచి వెళ్ళిపోవాలి. వెళ్ళగానే కుషన్ తిరగేసి బాత్రూమ్‌లోకి పరుగెత్తాలి.

ఆవిడ లేచే రకంలా లేదు.

"లోపల స్పాంజా, దూదా?"

"స్పాంజండి."

"చెక్కకి చెదలు పట్టదు కదా?"

"పట్టదండి."

"ధర ఏమైనా తగ్గుతుందా?"

"కష్టమండి."

"అయితే ఇంకోసారి మొదట్నుంచి చెప్పు."

చెప్పింది. ఆవిడ అడిగిందే అడిగింది. చివరికి గొంతు తగ్గించి, "మరక పడితే పోతుందా?" అంది.

అమ్మాయి చప్పున ఆవిడ మొహంలోకి చూసింది. కనిపెట్టేసిందా?

"కవరుకి జిప్పుందండి. ఊడదీసి ఉతుక్కోవచ్చు."

"వేణ్ణీళ్ళతోనా, చన్నీళ్ళతోనా?"

"చన్నీళ్ళే మంచివండి."

అంతలో మేనేజర్ వచ్చాడు. "ఏమ్మా, సోఫాకి అతుక్కుపోయావా? లే. మేడమ్‌కి లోపలున్నవి కూడా చూపించు."

"దీని బేరమే ఇంకా తెగలేదండి. మీరు వెళ్ళండి" అంది కళ్ళద్దాలావిడ.

అతను వెళ్ళినట్టే వెళ్ళి, బీరువాల పక్కన నిలబడి ఇటే చూస్తున్నాడు.

ఇక దాచి లాభం లేదనుకుంది అమ్మాయి. ఆవిడ చెవి దగ్గరికి వంగి, "మేడమ్, నేను లేవలేనండి" అంది. మాత్రల సంగతి, సోఫా సంగతి, తెలిస్తే మేనేజర్ ఊరుకోని సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

ఆవిడ కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. గుండెల మీది బండ ఎవరో దించినట్టు పెద్దగా ఊపిరి వదిలింది. తర్వాత మేనేజర్ని పిలిచింది.

"ఇది నేను తీసుకుంటున్నానండి, మీరు చెప్పిన ధరకే. సరిగ్గా ఇదే కావాలి, కుషన్లు కూడా మార్చకండి. బిల్లు రాయించండి. ఆ, పక్క సోఫా మీద కప్పిన శాలువాలు బాగున్నాయి. అవి రెండూ కూడా బిల్లులో వేసి, ఇలా ఇచ్చి వెళ్ళండి."

మేనేజర్ మొహం చాటంతయింది. శాలువాలు ఇచ్చి బిల్లింగ్ వైపు దాదాపు పరుగెత్తాడు.

అమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శాలువా ఒకటి నడుముకి చుట్టుకుని లేచింది. ఈ పూటకి గండం గడిచింది.

"ముక్కూ మొహం తెలియని దాన్ని, నా కోసం ఇంత ఎందుకండి? నాకు ఒకటి చాలు. రెండోది అక్కడే పెట్టేస్తాను" అంటూ చెయ్యి చాచింది.

ఆవిడ రెండో శాలువాని గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది.

"ఇది నాకు తల్లీ. నేనూ ఆ మాత్రల మీదే ఉన్నాను. లేవలేకే కదా, ఇంతసేపూ బేరమాడుతూ కూర్చున్నాను."