పాత బండి సాక్ష్యం

నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఈ కాస్తా రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

బండ్లకు మాటలొచ్చాక చీరాలలో ఒక ఆచారం మొదలైంది. పాత మోటారు సైకిల్ అమ్మితే, అది కొనేవాళ్ల ముందు తన చరిత్రంతా చెప్పాలి. వినడానికి వీధి వీధంతా చేరుతుంది.

హోటళ్లకు ఇడ్లీ పిండి వేసే ఎస్తేరమ్మ, క్యాన్లు పట్టడంలేదని పెద్ద బండి కొంది. పాతదాన్ని గాజులమ్మే మస్తాన్‌బీకి ఇస్తానంది. భర్త పోయాక ఎస్తేరమ్మకు అక్షరాలు నేర్పింది ఆ పాత బండే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా షాపు బోర్డు చూపించి, "క కు దీర్ఘమిస్తే ఏమవుతుందమ్మా?" అని విసుగు లేకుండా అడిగేది. ఆ సంగతి వీధిలో బయటపడుతుందని భయపడి, ఎస్తేరమ్మ సాక్ష్యానికి ముందురోజే మెకానిక్ చేత ఆ జ్ఞాపకాలన్నీ తుడిపించేసింది.

బండి మైలేజీ చెప్పింది, కిందపడిన రెండుసార్లూ చెప్పింది. మస్తాన్‌బీ దాని సీటు మీద చెయ్యేసింది.

"నాకు అక్షరం ముక్క రాదే. దారిలో బోర్డులు చదవడం నేర్పుతావా?"

"నేర్పడం నాకు తెలియదమ్మా," అంది బండి. "ఎప్పుడూ ఎవరికీ నేర్పలేదు. మా ఎస్తేరమ్మగారు చదువుకున్నావిడ, ఆవిడనడగండి."

"ఎంతదాకా చదివావక్కా?" అంది మస్తాన్‌బీ ఆశగా.

"పది దాకా," అంది ఎస్తేరమ్మ, కొత్త బండి అద్దంలోకి చూడకుండా దాన్ని తుడుస్తూ.

ఆ ఎస్తేరమ్మ నేనే. "నేను" అని రాయడానికి చెయ్యి రాలేదు.

కొండ్రు ఎస్తేరమ్మ, అరవై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది బాపట్లలో.