కూల్చిన గుట్ట

తెల్లారి లేచి చూస్తే కట్టేసిన మనిషి లేడు. తాడు మాత్రం పడి ఉంది, రక్తపు మరకలతో.

"పారిపోయాడు బావా!" అరిచాడు అంగ్‌చుక్.

తుండుప్ గుడిసె బయటికి తొంగిచూశాడు. అంతా పొగమంచు. వాకిట్లోని గుర్రాలే కనిపించడం లేదు.

ట్రెక్కింగ్ వాళ్లను లడఖ్ వైపు దింపేసి, ఖాళీ గుర్రాలతో ఇంటికి వెళ్తున్నారు బావాబావమరుదులు. నిన్న కొండ కనుమ ఎక్కేసరికి అక్కడ ఎర్ర ఉన్ని అంగీలో ఎవరో ముసలాడు రాళ్ల గుట్టను కూలుస్తున్నాడు. దిగే దారి చూపించే గుట్ట అది. దాటే ప్రతివాడూ ఓ రాయి పేర్చి దేవుళ్లకు జై కొట్టే గుట్ట.

"ఈ దారి చచ్చిపోయింది. ఇటు దిగకండి" అన్నాడు ముసలాడు.

"దేవుడి గుట్ట కూల్చి, మాకే దారి చెప్తావా?" అన్నాడు తుండుప్.

ఊరి పెద్దల ముందు నిలబెడదామని అతని చేతులు కట్టేశాడు. గుట్టను మళ్లీ పేర్చాడు. అంతలో మంచు కురిసింది. కనుమ దిగువనున్న రాతి గుడిసెలో ముగ్గురూ చిక్కుకుపోయారు.

"పోతే పోయాడు. పద, దిగుదాం" అన్నాడు తుండుప్.

"ఏమీ కనిపించడం లేదు కదా బావా!"

"మీ అక్కని చేసుకోకముందు నుంచీ నడుస్తున్న దారిరా ఇది."

"అక్క దగ్గరా ఇవే గొప్పలు!"

కాస్త దిగారో లేదో, ముందున్న గుర్రం మాయమైంది. ఎక్కడో లోతులో దాని మెడగంట మోగి ఆగిపోయింది.

కాళ్ల ముందు మంచు నిలువునా పగిలి ఉంది. వెనక కనుమ మంచుతో మూసుకుపోయింది. గుడిసెలో పిడకలు కూడా మిగల్లేదు.

"ఇక్కడే పోతామా బావా?"

తుండుప్ మిగిలిన గుర్రాలను వెనక్కి లాగాడు.

"అదేంటి?" అంగ్‌చుక్ పక్కకి చూపించాడు.

ఒకదాని మీద ఒకటి మూడు రాళ్లు. పైన ఎర్ర ఉన్ని పేలిక. దాని తర్వాత మరొకటి. ఎవరూ నడవని కొండ అంచు వెంట.

"ముసలాడి అంగీ గుడ్డే!"

పేలికలు చూసుకుంటూ దిగారు. పొగమంచు పలచబడింది. వాగు చప్పుడు వినిపించింది.

చివరి గుట్ట సగమే ఉంది. దాని పక్కనే ముసలాడు, ఒళ్లో ఓ రాయితో. అంగీ నడుము దాకానే మిగిలింది. కింది ఊరి నుంచి వెతుక్కుంటూ వచ్చిన ఓ ఆడమనిషి బిగుసుకుపోయిన అతని చేతులు రుద్దుతోంది.

"ఎవరమ్మా ఈయన?" అడిగాడు అంగ్‌చుక్.

"మా నాన్న. మొన్న పాత దారిలో మంచు పగిలి మా అన్న పోయాడు. ఇంకెవరూ పోకూడదని ఆ దారి చూపించే కనుమ మీది గుట్ట కూల్చడానికి వెళ్లాడు."

"దేవుడి గుట్ట కదమ్మా..."

"అందులో మొదటి రాయి పెట్టింది ఆయనే. వయసులో ఉండగా ఆ దారి కనిపెట్టింది ఆయనే."

తండ్రి మణికట్లు చూసి ఆమె ఆగిపోయింది.

"ఈ తాడు గాట్లేంటి? నేను అల్లిన చేతి తొడుగులేవి?"

అంగ్‌చుక్ తల దించుకున్నాడు.

తుండుప్ తన చేతులకున్న తొడుగులు ఒక్కొక్కటే విప్పి ఆమె ముందు పెట్టాడు.

"నేనే కట్టానమ్మా. తాడు బాగా బిగియాలని ఇవి లాగేశాను. తర్వాత... నాకు చలేసింది."