నలభై ఒకటో పేజీ

పుస్తకాన్ని బల్లమీద పెట్టి, శిక్ష వేసేదుంటే వెయ్యమంది బహియె. పక్కనే నువ్వులద్దిన రొట్టెల మూట కూడా పెట్టింది.

మతగురువూ న్యాయాధిపతీ అయిన వృద్ధ హాఖామ్ రహ్మో అట్ట చూసి గుర్తుపట్టాడు. రాసినవాడి పేరు లేని పుస్తకం. సముద్రంలో మునిగినవాడి శవం దొరక్కపోయినా నావికుల సాక్ష్యం చాలు, అతని భార్య మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని వాదించిన పుస్తకం. ఆరేళ్ల కిందట అలెప్పో యూదుల ధర్మపీఠం దాన్ని నిషేధించింది. ఇంటింటా వెతికించి, దొరికిన ప్రతులన్నీ శ్మశానంలో పూడ్పించింది. నిషేధం మీద సంతకం చేసిన ముగ్గురిలో ఇప్పుడు మిగిలింది రహ్మో ఒక్కడే.

"దీన్ని తెచ్చి నాకే చూపిస్తున్నావా? ధైర్యమా, పొగరా?"

రెండూ కాదని బహియె తన కథ చెప్పింది. మొదటి భర్త షెహాదె ఎక్కిన ఓడ మార్సే రేవుకు వెళ్లే దారిలో మునిగింది, శవం దొరకలేదు. ఏడేళ్లు ఆమె భార్యా కాదు, విధవా కాదు. ఇలాంటి పుస్తకం ఒకటుందనే తెలియదు. ఒక శనివారం ప్రార్థనామందిరంలో రహ్మో నిషేధం చదువుతుంటే, పైన ఆడవాళ్ల వరసలో కూర్చుని విన్నది. ఏ పేజీలో ఏ వాదన తప్పో, దాన్ని నమ్మిన కిలిస్ ఊరి గురువెవరో, అన్నీ పూసగుచ్చినట్టు చదివాడాయన. మర్నాడే అన్నను వెంటబెట్టుకుని కిలిస్ బయల్దేరింది. ఆ గురువు నావికుల్ని పిలిపించి, విచారించి, సెలీమ్‌తో పెళ్లికి అనుమతిచ్చాడు. ఈమధ్యే చనిపోయేముందు ఆ పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు సెలీమ్‌కీ నాకూ ఇద్దరు పిల్లలు, గురువుగారూ. ఇది రాసినాయన చెయ్యి ఒక్కసారి ముద్దుపెట్టుకోవాలని ఉంది. మీరు అక్షరమక్షరం చదివారు కదా, ఆయనెవరో తెలిసుంటుందని వచ్చాను."

రహ్మో పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"గుట్టుగా పూడ్చేద్దామన్నారు మిగతా ఇద్దరూ," అన్నాడు. "నేనే పట్టుబట్టి పైకి చదివాను. దేన్ని నిషేధించామో జనానికి తెలియాలి కదా."

"మీరు అలా చదవబట్టే నేను బతికాను."

ఆయన కలం అందుకున్నాడు. నలభై ఒకటో పేజీ తీసి, అంచున సన్నని అక్షరాలతో ఏదో రాసి, పుస్తకం తిరిగి ఆమెకిచ్చాడు.

"అచ్చులో ఒక వాక్యం ఎగిరిపోయింది. అది లేకపోతే వాదన నిలవదు. ఇంకో ఆడపిల్లకు అవసరం పడొచ్చు, దాచు."

బహియె తడి ఆరని ఆ అక్షరాలను చూసింది.

"వేరే ప్రతి చూడకుండానే రాశారే. మీకెలా తెలుసు?"

ముసలాయన చెయ్యి చాపాడు.

"రాసింది నేనేనమ్మా."